విడి సామాను

"రెడీమేడ్‌ది వద్దు. విడి సామానే కావాలి," అంది ఆవిడ మూడోసారి.

సేల్స్‌మన్ మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. 'వద్దు' అనే మాటను సాగదీసి సాగదీసి 'సరే' దాకా తేవడంలో ఆ కంప్యూటర్ షాపులో అతన్ని మించినవాడు లేడు. రంగురంగుల లైట్లతో మెరిసిపోతున్న నల్లటి గేమింగ్ పెట్టెను ఆవిడ వైపు తిప్పాడు. కంపెనీవాళ్ళే అన్నీ బిగించి, పరీక్షించి, సీలు వేసి పంపుతారనీ, ఇంటికి తీసుకెళ్ళి ప్లగ్గు పెట్టుకోవడమే తరువాయనీ చెప్పాడు. విడివిడిగా కొనుక్కుపోయి, ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియక లబోదిబోమంటూ తిరిగొచ్చినవాళ్ళ కథలు రెండు కలిపి చెప్పాడు.

ఆవిడ అన్నీ ఓపిగ్గా విని, చేతిసంచిలోంచి మడత కాగితం తీసి కౌంటర్ మీద పరిచింది. ప్రాసెసర్, దాన్ని చల్లబరిచే కూలర్, మదర్‌బోర్డు, మెమొరీ, హార్డ్‌డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, ఖాళీ క్యాబినెట్. ఒక్కోదాని నంబరుతో సహా గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది.

"ఇవి తెప్పించండి," అంది.

తల్లితో లాభం లేదనుకుని అతను పక్కనున్న కూతుర్ని పట్టుకున్నాడు. పదహారేళ్ళుంటాయి. ఆటలాడేది ఆ పిల్లే. ఎవరో స్నేహితురాలింట్లో ఇలాంటి నల్ల పెట్టే ఉందట. ఆ పిల్ల అతని పక్షాన్నే మాట్లాడింది.

"ఆదివారం పూట కూడా నీకీ తిప్పలెందుకమ్మా. అదే కొనేద్దాం."

"నువ్వూరుకో," అంది తల్లి.

సేల్స్‌మన్‌కు ఊపొచ్చింది. ఈ సంగతులు పిల్లలకు తెలిసినట్టు పెద్దవాళ్ళకు తెలియవన్నాడు. ఇదేమీ కుట్టుమిషను కాదన్నాడు. పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయనీ, ఒక్కటి వంగినా బోర్డు చెత్తబుట్టలోకేననీ, విప్పిన సామాను వెనక్కి తీసుకోమనీ చెప్పాడు. క్యాష్ దగ్గర కూర్చున్న యజమాని తలెత్తి ఇటే చూస్తున్నాడు. ఆ చూపు వీపుకు తగిలి మరో మాట కూడా అనేశాడు.

"మీ వల్ల అయ్యే పని కాదమ్మా."

ఆవిడ అతన్ని తేరిపార చూసింది. గొంతు మాత్రం పెంచలేదు.

"మీ కౌంటర్ మీదే బిగిస్తాను. నొక్కగానే వెలక్కపోతే నోరు మూసుకుని ఆ నల్ల పెట్టె కూడా కొనుక్కుపోతాను. వెలిగితే మీరు నాకింకో మాట చెప్పకూడదు."

యజమాని సరేనన్నట్టు తల ఊపాడు. ఎటు తిరిగినా అమ్మకమే కదా.

సామాను వచ్చింది. ఆవిడ వాచీ తీసి కూతురి చేతిలో పెట్టింది. క్యాబినెట్ ఇనుప అంచును ఒకసారి తాకి, పనిలోకి దిగింది. ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బోర్డు మీద దించింది. దాని నెత్తిన వేడిని లాగే పేస్టు శెనగగింజంత పెట్టింది. కూలర్‌కు ఒక మూల స్క్రూ కాస్త తిప్పి, ఎదురు మూలది కాస్త తిప్పి, అలా నాలుగూ మెల్లగా బిగించింది. గ్రాఫిక్స్ కార్డు పెట్టేటప్పుడు సేల్స్‌మన్ సాయం పట్టబోయాడు.

"చెయ్యి తియ్యండి," అంది.

అతను తీశాడు. అంతా అయిపోయిందనుకున్నాక ఆవిడ వంగి లోపలికి చూసింది. ఒక తీగ ఫ్యాన్‌కు దగ్గరగా పోయిందని మూడు స్క్రూలు విప్పి, తీగను వెనకనుంచి తిప్పి, మళ్ళీ బిగించింది. గంటన్నర దాటింది. చేతకానివాళ్ళకే ఇంతసేపు పడుతుందనుకున్నాడు సేల్స్‌మన్. మనసులో ఉంచుకోలేక, కంపెనీలో అయితే ఈపాటికి బోలెడు పెట్టెలు తయారయ్యేవని చురక కూడా వేశాడు.

ఆవిడ వచ్చినప్పటి నుంచీ మొదటిసారి నవ్వింది. "అవును, అయ్యేవి," అంది.

మానిటర్ తగిలించి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కింది. చలనం లేదు. ఒక్క ఫ్యాన్ తిరగలేదు. కూతురి మొహం వాడిపోయింది. సేల్స్‌మన్ గొంతు సవరించుకుని, నల్ల పెట్టె ప్యాక్ చేయించమంటారా అని ఎంతో మర్యాదగా అడిగాడు.

ఆవిడ స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. తీగ వెంబడే చూపు పోనిచ్చి గోడ దగ్గర ఆగింది.

"ముందా గోడ మీది స్విచ్ వెయ్యండి బాబూ."

అది ఆపి ఉన్న సంగతి సేల్స్‌మన్ ఇందాకే చూశాడు. చూసి ఊరుకున్నాడు. ఇప్పుడు చేసేది లేక వెళ్ళి వేశాడు. ఆవిడ మళ్ళీ నొక్కింది. ఫ్యాన్లు గుప్పిట్లో దూది నలిగినంత చప్పుడుతో తిరిగాయి. తెర వెలిగి, బిగించిన ముక్కల పేర్లన్నీ వరసగా చూపించింది. పిల్ల తల్లి భుజం మీద గడ్డం ఆనించి, ఒక్కో పేరూ పైకి చదువుకుంది. యజమాని లేచొచ్చి లోపలికి తొంగి చూశాడు. అడ్డంగా పోయిన తీగ ఒక్కటీ కనబడలేదు. బిల్లు రాయడానికి వెళ్ళాడు.

పందెం ప్రకారం సేల్స్‌మన్ నోరెత్తలేదు. కానీ వాళ్ళు పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళేసరికి ఇక ఆపుకోలేకపోయాడు.

"ఒక్కటి చెప్పి వెళ్ళండమ్మా. మా రెడీమేడ్ పెట్టెలో మీకేం లోపం కనిపించింది?"

"లోపమేం లేదు బాబూ," అంది ఆవిడ. "ఆ కంపెనీలో మాకు ఒక్కోదానికి పదకొండు నిమిషాలే ఇస్తారు. రోజుకు నలభై బిగిస్తాను. మా పిల్లదొక్కటైనా తీరిగ్గా బిగించాలనిపించింది."