సంతకం లేని కవరు

లారెల్ వాగు మీది వంతెనను వరద పట్టుకుపోయిన మూడో ఏడు అది. రాష్ట్ర శాసనసభకు పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికలో ఓర్విల్ టీటర్‌కు, డెన్వర్ హింకల్‌కు సరిసమానంగా ఓట్లు పడ్డాయి. ఒక్కొక్కరికి పద్దెనిమిది వందల నాలుగు.

"ఇదొక్కటి మిగిలింది," అంది ఎన్నికల గుమస్తా ఫేయ్, కవరు ఎత్తి చూపిస్తూ. "టపాలో వచ్చిన ఓటు. పైన సంతకం లేదు. ఐదింటిలోగా మనిషి వచ్చి సంతకం పెడితే తెరుస్తాను. లేదంటే నాణెం ఎగరేయడమే."

"ఎవరిది?" అడిగాడు ఓర్విల్.

"అల్మా వైమర్‌ది."

డెన్వర్ నవ్వాడు. "వాగవతల ఒంటిగా ఉండే ముసలావిడ. ఆ ఓటు నీదేలే ఓర్విల్, ఒప్పుకుంటాను. కాని నిన్నంతా వాన. వాగు చూశావా? నాణెమే నయం. నేను బొమ్మ అంటాను."

ఓర్విల్ టోపీ పెట్టుకున్నాడు. "మూడున్నరేగా అయింది," అన్నాడు.

ఆ వంతెన కట్టించాలనే అతను నిలబడింది. ఓట్లడిగిన ఏ గుమ్మం ముందూ వేరే మాట చెప్పలేదు.

వాగులో అతని ట్రాక్టరు చక్రాలు సగానికి పైగా మునిగాయి. నడి వాగులో ఇంజను రెండుసార్లు దగ్గింది. ఓర్విల్ దిగలేదు, వెనక్కి తిప్పలేదు. అవతల అల్మా వసారాలో కూర్చుని బీన్స్ గింజలు ఏరుతోంది.

"ఇవాళ శుక్రవారం కాదే?" అంది.

"కవరు మీద సంతకం మర్చిపోయావు అత్తా. మా ఇద్దరి సంగతీ దాంతోనే తేలాలి."

"అప్పుడు కళ్లద్దాలు కనపళ్లేదురా." గిన్నె పక్కన పెట్టింది. "నేను రాకపోతే?"

"బొమ్మా బొరుసా వేస్తారు."

"అయితే పద. నా ఓటు ఊరికే పోనిస్తానా."

వారం వారం కూర్చునే మడ్‌గార్డు మీదే కూర్చుంది. నీళ్లు చెప్పులకు తగిలేసరికి కాళ్లు పైకి ముడుచుకుంది.

"నిదానంరా. మునిగితే ఇద్దరి ఓట్లూ పోతాయి."

"నాది ఎప్పుడో వేసేశాను."

"అయితే నన్ను మాత్రం ముంచకు."

ఐదుకు నాలుగు నిమిషాలు ఉండగా ఆమె సంతకం పెట్టింది. ఫేయ్ దాన్ని పాత సంతకంతో పోల్చి చూసి, కవరు కోసి, ఓటు కాగితం బల్ల మీద పరిచింది.

"డెన్వర్ హింకల్," అని చదివింది. మళ్లీ చూసి, మళ్లీ చదివింది.

ఓర్విల్ డెన్వర్‌తో చేయి కలిపాడు. "వంతెన మర్చిపోకు," అన్నాడు. అల్మాను మళ్లీ వాగు దాటించి ఇంటి దగ్గర దింపాడు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే ఓర్విల్ ట్రాక్టరును వాగులోకి దింపాడు. సరుకులు తెచ్చుకోవడానికి ఖాళీ సంచీతో అల్మా అవతలి గట్టు మీద నిలబడి ఉంది.

"రెండేళ్లకు మళ్లీ నిలబడతాను అత్తా," అన్నాడు సంచీ అందుకుంటూ. "అప్పుడైనా నాకు వేస్తావా?"

"వంతెన కట్టాక వేస్తాను," అంది అల్మా, మడ్‌గార్డు మీద సర్దుకుంటూ. "అందాకా నిన్ను రాజధానికి పంపితే, శుక్రవారం శుక్రవారం నన్నెవరు దాటిస్తార్రా? డెన్వర్‌కి ట్రాక్టరు లేదు."