డిజిటల్ తోడల్లుడు

నెట్‌లోంచి పాటలు లాగి యాంప్లిఫయర్‌కి అందించే కొత్త పెట్టె, స్ట్రీమర్, వెలుగుతోంది. ఫోన్‌లో పాట నడుస్తోంది. స్పీకర్లు మాత్రం నోరు మెదపడం లేదు.

"నాలుగింటికి చెల్లివాళ్లు వచ్చేస్తారు. ఇంకో గంటే ఉంది," అంది భార్య గుమ్మంలో నిలబడి.

"గడియారం నాకూ కనిపిస్తోంది," అని కసిరాడు టర్నర్.

ఇరవై ఏళ్లుగా లేత్ మిషన్ మీద ఇనుము చెక్కుతున్న మనిషి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి పట్టేస్తాడు. అలాంటివాడు పొద్దుటినుంచీ ఈ అరచేతి మందం పెట్టె ముందు బోర్లా పడి ఉన్నాడు.

పాటలమీద సరదాతో కొన్నది కాదది. కడుపుమంటతో కొన్నది. తోడల్లుడు ఇన్సూరెన్స్ ఆఫీసరు. ఎనిమిది నెలలుగా అతనిది ఒకటే ఊదర: "మాది డిజిటల్ అవుట్‌పుట్ అన్నయ్యా. గాజు తీగలోంచి వెలుగై వస్తుంది పాట. మామూలు వైర్లలో ఆ తేట ఎక్కడిది?" అత్తవారింట్లో అందరూ నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. తన పెళ్లాంతో సహా. అక్కడ కాలింది టర్నర్‌కి.

అందుకే షాపాయన రెండు రకాలు చూపించి, "ఇది తీసుకోండి సార్, దీనికి ఎర్ర తెల్ల మామూలు వైర్లూ పెట్టుకోవచ్చు, డిజిటల్ కేబులూ పెట్టుకోవచ్చు. ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుంది" అని చెప్పినా వినలేదు.

"మరి ఆ రెండోదానికి?"

"దానికి డిజిటల్ ఒక్కటే సార్."

"అదే కట్టండి."

ఇప్పుడు ఆ ఒక్కటే పలకడం లేదు.

"నెట్ రావట్లేదేమోనండీ."

"నెట్ రాకపోతే పాట ఎలా కదులుతుందే?"

యాంప్లిఫయర్ మీద డిజిటల్‌కి మార్చే మీట ఉండాల్సిన చోటే ఉంది. పాట నాణ్యత మరీ ఎక్కువ పెడితే పాత యాంప్లిఫయర్లు అందుకోలేవని ఫోన్‌లో ఎవరో రాస్తే, అదీ తగ్గించి చూశాడు. రెండింటినీ ఆపి మళ్లీ వేశాడు. వాల్యూమ్ ఆఖరుదాకా తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"పోనీ మరిదిగారికి ఒక ఫోన్ కొడితేనో? ఆయనకివన్నీ కొట్టిన పిండి కదా," అంది భార్య.

టర్నర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "వాడికా? వాణ్ణి అడిగే బదులు దీన్ని నేలకేసి కొడతా!"

"కొట్టండి. అప్పుడైనా చప్పుడొస్తుంది."

టర్నర్ పళ్లు నూరాడు.

"అది కాదండీ, ఆ కేబుల్ సరిగ్గా దిగిందంటారా?"

"దిగడమా! బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కి దింపాను. ఎంత బిగుతుగా ఉందో తెలుసా? బిగుతుగా ఉందంటే తయారీ మంచిదని అర్థం. నాకు చెప్తున్నావా ఫిట్టింగుల గురించి?" అంటూ కేబుల్ ఊడబెరికి ఆమె చేతికిచ్చాడు, కావాలంటే చూసుకోమన్నట్టు.

ఆమె దాని కొసను గోటితో గీకింది. "అయ్యో, ఏదో ఊడొచ్చిందండీ! విరగ్గొట్టానా?"

తిట్టబోయినవాడు వంగి చూశాడు. ఆమె వేళ్ల మధ్య బియ్యపుగింజంత తొడుగు, గాజులా మెరుస్తోంది. కొత్త కేబుల్ కొస గీసుకుపోకుండా వేసినది. రెండో కొస చూశాడు. దానికీ ఉంది. ఇనుము కొలిచే మొనగాడు రెండు కొసలూ తొడుగులతో సహా బలవంతాన దిగ్గొట్టాడు!

రెండూ లాగేసి మళ్లీ గుచ్చాడు. ఈసారి టక్కుమని కూర్చున్నాయి. ఆ వెంటనే ఇల్లు అదిరిపోయేలా పాట! భార్య చెవులు మూసుకుంది. టర్నర్ పాకి వెళ్లి వాల్యూమ్ తగ్గించాడు.

"ఈ తొడుగు సంగతి బయటికి పొక్కిందో..."

"నేనెందుకు చెప్తానండీ!"

నాలుగింటికి మరదలూ, ఆఫీసరూ వచ్చారు. అక్కచెల్లెళ్లిద్దరూ వంటింట్లోకి వెళ్లారు. టర్నర్ మంచినీళ్లయినా అడగకుండా పాట పెట్టాడు. పెట్టి, తోడల్లుడి మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఆ మొహం వాడింది. టర్నర్‌కి కడుపు చల్లబడినట్టయింది.

"తేటగా ఉందన్నయ్యా. మాదానికంటే బాగుంది," అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి.

"గాజు తీగ కదా తమ్ముడూ! వెలుగై వస్తుంది."

ఆఫీసరు లేచి వెళ్లి పెట్టె వెనక తొంగిచూశాడు. "ఎర్ర తెల్ల వైర్లకి చోటే లేదే!"

"ఎందుకూ? వెనకడుగేసే రకం కాదు మనం."

అంతలో వంటింట్లోంచి పకపకా నవ్వులు. చీరకొంగుతో కళ్లు తుడుచుకుంటూ మరదలు బయటికొచ్చింది, వెనకే వాళ్లక్క.

"ఏం బావగారూ, తొడుగు తియ్యకుండా పొద్దుటినుంచీ కుస్తీ పట్టారటగా!"

టర్నర్ పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ ఫ్యాన్ వైపు చూస్తోంది. అయిపోయింది. రేపటికల్లా అత్తవారింట్లో అందరికీ తెలుస్తుంది. కొన్న ముచ్చట గంటసేపైనా మిగల్లేదు. ఇక వీడు విరగబడి నవ్వుతాడు, ఏళ్ల తరబడి చెప్పుకుని మరీ నవ్వుతాడు. పళ్ల బిగువున కూర్చుని ఆ నవ్వు కోసం ఎదురుచూశాడు టర్నర్.

ఆఫీసరు నవ్వలేదు. ఆడవాళ్లు మళ్లీ లోపలికి వెళ్లేదాకా ఆగాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, టర్నర్ చెవిలో గొణిగాడు.

"అన్నయ్యా... దానికి తొడుగుంటుందా? మా గాజు తీగ ఎంతకీ పలకక, ఎనిమిది నెలల నుంచీ నేను ఎర్ర తెల్ల వైర్లతోనే నెట్టుకొస్తున్నా."