మరియమ్మకు పెట్టిన బొట్టు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఇది కేకలేసి చెప్పుకునే సంగతి కాదు.

కాట్రేనికోన చిన్నతల్లి సైప్రస్ వెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు. అక్కడ ఒక ముసలావిడ ఇంట్లో పని. వండిపెట్టడం, మందులివ్వడం, ఆదివారం చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్ళడం. ఆవిణ్ణి మామ్మగారనే పిలిచేది.

ఆ చర్చి ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. బయటనుంచి చూస్తే ధాన్యం కొట్టులా ఉంటుంది. లోపలికెళితే గోడ కనపడదు, కింది నుంచి పైకప్పు దాకా రంగుల బొమ్మలే. గుమ్మం పక్కన, చేతికందే ఎత్తులో, బిడ్డనెత్తుకున్న మరియమ్మ.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పసిబిడ్డ తల్లి నుదురు అలా బోసిగా ఉండటం చిన్నతల్లికి ఎంతకీ మింగుడుపడలేదు. ఒక ఆదివారం అటూ ఇటూ చూసి, సంచిలోంచి తిలకం సీసా తీసి, ఆ తల్లికి ఇంత బొట్టు పెట్టేసింది.

పై ఆదివారానికి చర్చి కిటకిటలాడిపోతోంది. మరియమ్మ నుదుట ఎర్రచుక్క వెలిసిందట! జనం మోకాళ్ళ మీద పడి ఏడుస్తున్నారు. చిన్నతల్లి తిలకం సీసాని సంచి అడుక్కి తోసేసింది.

అక్కడితో పోతే బాగుండును. మామ్మగారికి ఆ వారమే గుండె ఆపరేషన్.

"ఆ తల్లే సైగ చేసింది. ఇంక నాకు కోతలొద్దు" అని కొడుకుతో తెగేసి చెప్పిందావిడ. ఆపరేషన్ చెయ్యకపోతే ఏడాది దాటదన్నాడు డాక్టరు.

అద్దంలో తన బొట్టు చూసుకోవాలన్నా చిన్నతల్లికి భయమేసింది. పక్క ఊళ్ళో పనిచేసే రాజోలు రాహేలుకి ఫోన్ చేసింది.

"మరియమ్మకి తిలకం పెట్టేవా! ఇంకా నయం, తల్లో కనకాంబరాలు తురిమేవు కాదు!"

"నవ్వకు వదినా. ఆవిడకేమన్నా అయితే నా చేతుల్తో చంపినట్టే కదా."

"అయితే నిజం చెప్పెయ్యి."

"ఇంటికి పంపేత్తారేమో."

"పంపనీ. కాట్రేనికోనలో పీతలు లేవా, బియ్యం లేవా? ఆ ముసలమ్మకి మటుకు ఉన్నది ఒక్క ప్రాణం."

మర్నాడు పొద్దున్నే చిన్నతల్లి చర్చికి వెళ్ళింది. తాళాలు చూసుకునే ముసలాయన కాళ్ళ మీద పడింది. వచ్చీరాని వాళ్ళ భాషలో అంతా చెప్పేసింది.

"ఆ చుక్క దేవుడిది కాదండీ, నాది. తుడిపించెయ్యండి. మామ్మగారికి నేనే చెప్పుకుంటాను."

ముసలాయన తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఆయనన్న మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుని, రేపు మీరూ నలుగురికీ చెప్పాలి:

"నువ్వు పెట్టింది నేను ఆ సాయంత్రమే తుడిచేశానమ్మా, ఇప్పుడున్నది వేరే. నీ చుక్క ఆవేళ చూసిందేమో, ఆపరేషనంటే హడలిపోయిన మీ మామ్మగారు మర్నాడు టాక్సీ కట్టించుకొచ్చి, తన లిప్‌స్టిక్‌తో పెట్టుకెళ్ళింది."