ముప్ఫై ఒక్క కప్పులు

"విప్పండి," అన్నాడు ప్రాస్పర్ నిచ్చెన మీంచి.

"ఏంటి విప్పేది? నిన్ననేగా మావాళ్ళు రేకులు బిగించింది!" పిండి చేతులతోనే బయటికొచ్చింది యూఫెమియా.

"రేకులు బానే ఉన్నాయమ్మా. వాసాలకీ గోడకీ మధ్యే పట్టు లేదు. ఒక్కో వాసానికీ ఇనప పట్టీ వెయ్యాలి. మేకులు కాదు, మరమేకులు."

ఆ తీరంలో రొట్టెల కొట్టు ఉన్నది యూఫెమియాకి ఒక్కదానికే. క్రితం తుఫానుకి కప్పు పోతే రెండేళ్ళు టార్పాలిన్ కింద పొయ్యి వెలిగించింది. ఇప్పుడు కొత్త కప్పు పడిందో లేదో, పసుపు హెల్మెట్ పెట్టుకుని ఈ ఇన్‌స్పెక్టర్ దిగాడు.

పక్కింటి హెస్కెత్ వల అల్లుకుంటూ నవ్వాడు. "అక్కా, అంత ఇనుముంటే నేనింకో పడవ కట్టుకుందును."

యూఫెమియా లోపలికెళ్ళి పొగలు కక్కే రొట్టెలో జున్ను పెట్టి తెచ్చింది. "ఇది తిని సంతకం పడెయ్యండి సారూ."

ప్రాస్పర్ రొట్టె తిన్నాడు. చాలా బావుందన్నాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

"గాలి కప్పుని కిందికి నొక్కదమ్మా, పైకి లాగుతుంది. మేకు పుచ్చు పన్నులా ఊడొస్తుంది."

"మీరు చూశారా?"

"చూశాను," అని గబగబా దిగిపోయాడు.

యూఫెమియాకి ఒళ్ళు మండింది. "నా కప్పొక్కటే కనబడిందా మీకు? అదిగో, ఆ నవ్వే పెద్దమనిషి ఇల్లు చూడండి. ఆ పైన మిగిలినవీ చూడండి!"

"చూస్తాను," అన్నాడతను.

చూశాడు. ఎనిమిది వారాల్లో ఊళ్ళోని ముప్ఫై ఒక్క ఇళ్ళూ చూశాడు. పనివాళ్ళు సరిగ్గా బిగించకపోతే ఉండబట్టలేక తనే మరమేకులు పట్టుకుని ఎక్కేసేవాడు. ఇంటింటికీ నీళ్ళ డబ్బాలూ, మందుల సంచీ సిద్ధం చేయించాడు. రొట్టెల కొట్టు గోడలు మందం కాబట్టి, నడవలేని వాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ అక్కడే చేరాలన్నాడు. ఓ ఆదివారం పొద్దున ఉన్నట్టుండి ఈల ఊది, గడియారం పట్టుకుని నించున్నాడు.

"పద్దెనిమిది నిమిషాలు! మీరు చెప్పులు వెతుక్కునేదాకా గాలి ఆగుతుందా?"

మూడో ఆదివారానికి ఏడు నిమిషాల్లో చేరారు. హెస్కెత్ అయితే తొంభై ఏళ్ళ మేనత్తని వీపున వేసుకుని అందరికంటే ముందొచ్చి, పందెం గెలిచినవాడిలా చేతులెత్తాడు. ప్రాస్పర్ నవ్వగా చూడడం యూఫెమియాకి అదే మొదలు.

సెప్టెంబరులో నిజంగానే తుఫాను వచ్చింది. రేడియో హెచ్చరిక విని జనం కిటికీలకి చెక్కలు కొడుతుంటే, ఆఖరి బస్సు దిగి ప్రాస్పర్ వీధి వెంట పరుగెత్తాడు. ప్రతి చూరూ చేత్తో లాగి చూశాడు.

"ఇక చాలు, మీ ఇంటికెళ్ళి మీ కప్పు చూసుకోండి," అంది యూఫెమియా.

"నాకిల్లు లేదమ్మా. కొండమీది పై ఊరివాళ్ళు నన్ను నిచ్చెన ఎక్కనివ్వలేదు. ఇంకోసారి చెప్పి చూస్తాను." అంటూనే కొండదారి పట్టాడు.

పగలు పదకొండింటికి గాలి మొదలైంది. కొట్టులో నలభై మంది. ఈల కాస్తా కేక అయింది, కేక కాస్తా రంకె అయింది. దేని తాలూకు దుంగో వచ్చి గోడకి గుద్దుకుంది. కప్పు మొత్తం ఒక్కసారి పైకి లేవబోయింది. వాసాలు కిర్రుమన్నాయి, పట్టీలు కిర్రుమన్నాయి. నలభై తలలూ పైకి లేచాయి.

"పట్టుకో!" అని అరిచింది యూఫెమియా, పట్టీలకి చెవులున్నట్టు. "పట్టుకోవే, వదలకు!"

అందరూ అందుకున్నారు. "పట్టుకో! పట్టుకో!"

వదల్లేదు.

ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. చెక్కల సందుల్లోంచి ఎండ పడింది. "నా పడవ!" అంటూ హెస్కెత్ తలుపు గడియ మీద చెయ్యేశాడు. యూఫెమియా వాడి చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"ఇది తుఫాను కన్నురా, సగమే అయింది! ఆయన చెప్పింది మర్చిపోయావా?"

మాట పూర్తికాకుండానే రెండో వైపు నించి గాలి విరుచుకుపడింది.

పొద్దుగూకే వేళకి బయటికొచ్చారు. చెట్లకి ఒక్క ఆకు లేదు. హెస్కెత్ పడవ తలకిందులై వీధి మధ్య ఉంది. కానీ ఇళ్ళు! యూఫెమియా వేలు చూపిస్తూ లెక్కపెట్టింది, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. ముప్ఫై ఒక్క కప్పులూ ఉన్నాయి! బురదలోనే ఎగిరారు, ఏడ్చారు, ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు.

పై ఊళ్ళో సగం కప్పులు పోయాయి. మనుషులు మాత్రం దక్కారు. ప్రాస్పర్ తలుపులు బాది, తిట్టి, బతిమాలి అందర్నీ రాతి చర్చిలోకి తోలాడట. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా నడిచి వెళ్ళిపోయాడట.

"ఇంత చేసినవాడికి దండం పెట్టకుండా ఊరుకుంటామా?" అంది యూఫెమియా. రోడ్లు కొట్టుకుపోయాయి కాబట్టి, పడవ బాగవగానే గంపెడు రొట్టెలతో హెస్కెత్‌ని వెంటేసుకుని పట్నం బయల్దేరింది.

భవన నిర్మాణాల కార్యాలయంలో ఓ అమ్మాయి కూర్చునుంది.

"వాల్టన్ ప్రాస్పర్ గారిని పిలు తల్లీ. మా ఊరంతా బతికుంది ఆయన వల్లే," అంది యూఫెమియా గంప బల్ల మీద పెడుతూ. "ఆయన్ని పెద్ద ఇన్‌స్పెక్టర్ని చెయ్యమని మీ పైవాళ్ళకి చెప్పు."

ఆ అమ్మాయి కాగితాలు తిరగేసింది. ఒకచోట వేలు ఆగింది.

"వాల్టన్ ప్రాస్పర్... పేరుందండీ."

"చెప్పానా!" హెస్కెత్ బల్ల చరిచాడు.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ కాగితం వాళ్ళవైపు తిప్పింది.

"ఇది ఉద్యోగుల జాబితా కాదమ్మా," అంది మెల్లగా.

"మరి?"

"రెండేళ్ళ కిందటి తుఫానులో మనుషుల ప్రాణాలు తీసిన కప్పులు వేసిన మేస్త్రీలది."