ఫీజుకు తొందర లేదు

గుణశేఖర్ ఫోను పెట్టేసి తక్కెడ పక్కన కూలబడ్డాడు. కాలేజీవాళ్ళను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు. ఫీజుకు తొందర లేదట.

మరి ఎప్పుడు కట్టాలో చెప్పలేదా అని అడిగింది కూతురు అభినయ. సర్టిఫికెట్ల ఫైలు పొద్దుటినుంచీ ఆమె ఒళ్ళోనే ఉంది. చెప్పలేదన్నాడు తండ్రి. హాస్టలు డబ్బు సంగతి అడిగినా, దానికీ తొందర లేదనే అందట ఆ ఆఫీసు ఆమె.

తమిళనాడులోని ధర్మపురి బజారులో ముప్పై ఏళ్ళుగా చింతపండు వ్యాపారం చేస్తున్నవాడికి ఈ మాట మింగుడు పడలేదు. రావలసిన డబ్బుకు తొందరపడని మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు. అలాంటిది ఏకంగా ఒక కాలేజీ!

కాలేజీ ఆంధ్రాలో ఉంది. బయటి రాష్ట్రాల తెలుగు పిల్లలకని వాళ్ళు పెట్టిన పరీక్ష రాసి, అభినయ కంప్యూటర్ సీటూ, స్కాలర్‌షిప్ జాబితాలో చోటూ సంపాదించింది. ఆ జాబితాలో కొందరికి ఫీజు పావు తగ్గుతుంది, కొందరికి సగం, ఒకరిద్దరికి మొత్తం. ఎవరికెంతో ఫోనులో చెబుతారు, కాగితం మాత్రం కాలేజీలో చేరిన రోజే చేతికిస్తారు. సగమైనా తగ్గితేనే గుణశేఖర్ పంపగలడు. లేకపోతే పిల్ల ఇంజనీరింగ్ మాట మరిచిపోయి ఊళ్ళోనే బీకాంలో చేరాలి. చేరేదీ లేనిదీ చెప్పడానికి ఈ సాయంత్రం అయిదింటికి గడువు.

తగ్గింపు సంగతి మొదటిసారే అడిగాడు. సరైన మాట నోటికి రాక, ఇంట్లో అందరూ అనే తమిళ మాటే అనేశాడు, తళ్ళుబడి ఎంత అని. ఆమెకు చివరి ముక్కే వినబడింది. "బడి కాదండీ, ఇది కాలేజీ" అని ఎంతో ఓపికగా చెప్పింది. అతను మళ్ళీ ఆ జోలికి పోలేదు.

పక్క ఎరువుల కొట్టు తిమ్మరాయన్ పిలవకుండానే వచ్చి బస్తా మీద కూర్చున్నాడు. ఒకరి చిక్కు ఇంకొకరికి కాలక్షేపం. అంతా విని గొంతు తగ్గించాడు.

"వాళ్ళు ఎందుకట్లంటారో తెలుసునా గుణా? వడ్డీ పెరగనీ అని. నాలుగేండ్లు నోరెత్తరు. కడాన సర్టిఫికెట్లు పట్టుకొని కూర్చుంటారు."

అలాంటిదేమీ ఉండదంది అభినయ. అంటూనే ఫోనులో కాలేజీ వెబ్‌సైటులో తన పేజీ తెరిచింది. ఫీజు అన్న గడిలో అంకె లేదు, చిన్న గీత ఉంది. తిమ్మరాయన్ కళ్ళజోడు పెట్టుకుని ఆ గీతను ఇటునుంచి అటు చూశాడు. ఇంకా రాయలేదని, తర్వాత వాళ్ళకెంత తోస్తే అంత రాసుకుంటారని తేల్చేశాడు.

గుణశేఖర్ పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. పంపితే ఏమవుతుందో తెలియదు. పంపకపోతే ఈ పిల్ల ముఖం రోజూ చూడాలి. దానికన్నా భయం అతనికి ఇంకొకటి లేదు.

నాలుగున్నరకు కాలేజీ ఆమే ఫోను చేసింది. అందరికీ వినబడేటట్టు పెట్టాడు.

"గుణశేఖర్ గారూ, అయిదింటికి జాబితా ముగించాలి. అమ్మాయిని చేర్చుకోమంటారా?"

"ఫీజు సంగతి ఒక మాట తేల్చి చెప్పమ్మా. ఎప్పుడు కట్టాల?"

ఆమె నవ్వింది. "నాలుగోసారి చెబుతున్నానండీ. మీరు ఫీజు కట్టాల్సిన అవసరం లేదు. ఈ ఏడాదే కాదు, నాలుగేళ్ళూ అవసరం లేదు."

ధర్మపురిలో అవసరమంటే తొందర. బజారు తమిళంలోనూ అంతే, గుణశేఖర్ ఇంటి తెలుగులోనూ అంతే. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని తండ్రికీ తెలియదు, కూతురికీ తెలియదు. నాలుగేళ్ళూ తొందర లేదని వినగానే గుణశేఖర్‌కు నాలుగేళ్ళ వడ్డీ కళ్ళముందు కదిలింది. తిమ్మరాయన్ గెలిచినవాడిలా తల ఊపాడు. అభినయ ఫైలు మూసేసింది.

"సీటు సంగతి చెప్పండి మరి. అమ్మాయికి కావాలా?" అంది ఆమె.

వద్దనడానికి అతనికి నోరు రాలేదు. కావాలనడానికి ధైర్యం చాలలేదు. ఒక్క రోజు గడువు దొరికితే, కాలేజీ దాకా వెళ్ళి కళ్ళారా చూసి రావచ్చు. ఇంత మర్యాదగల మనిషిని గడువు ఎలా అడగడం? ఆమె మాటే ఆమెకు అప్పజెబితే సరిపోతుందనుకున్నాడు.

"మాకూ అవసరం లేదమ్మా," అన్నాడు మెత్తగా.

ఆమె ఆశ్చర్యంగా మళ్ళీ అడిగింది. "బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించే చెప్తా ఉండాను. మీరు ఉండేది ఉండినట్టు చెప్పినారు, మేమూ చెప్పాల కదా. అవసరమే లేదు."

"మీ ఇష్టమండీ," అని ఆమె పెట్టేసింది.

గుణశేఖర్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఒక్క మాటకే ఒప్పుకుందని, మంచి మనిషని, అలాంటివాళ్ళున్న కాలేజీ మోసం చేయదని ఇప్పుడు అనిపిస్తోందన్నాడు. రేపు బండెక్కి చూసి వద్దామన్నాడు. పొద్దుటినుంచీ మొదటిసారి అభినయ నవ్వింది.

అప్పుడే ఆమె ఫోనుకు ఇంగ్లీషులో మెసేజి వచ్చింది: మీరు వద్దన్నందున, అభినయకు కేటాయించిన సీటునూ, నాలుగేళ్ళ పూర్తి ఫీజు మినహాయింపునూ జాబితాలోని తర్వాతి విద్యార్థికి ఇచ్చాము.