కొత్త తోడు

జపాను బాంబుల భయానికి మద్రాసు ఖాళీ అయినప్పుడు జనం పెట్టెబేడా పట్టుకొని ఊళ్ళకు పోయారు. కాలేజీలో పాఠాలు చెప్పే మా ఆయన మాత్రం పండ్ల ఈగల సీసాలు పట్టుకొని మార్కాపురంలో మా పుట్టింటికి వచ్చాడు.

భూతద్దంలో చూసి, ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువున్న ఈగలను పిల్లలు పెట్టడానికి ఉంచేవాడు, తక్కినవాటిని చంపేవాడు. ముప్పై తరాలు ఇదే ఉద్యోగం. చివరి పది తరాలు ఒక్క వెంట్రుకైనా పెరగలేదు. ఆ కోపం నా మీద. సీసా తుడవబోతే "నీకేం తెలుసు?" అని కసిరేవాడు.

ఇవాళ సాయంత్రం మా నాయన ముందు మీసం దువ్వాడు.

"వెంట్రుకలు మళ్ళీ పెరిగినాయి మామా! ఇన్నాళ్ళు లోపల దాగిన గుణం బయటపడింది. మా కాలేజీ ప్రొఫెసరుగారికి పొద్దున్నే ఉత్తరం వేసినా. దీనికేం తెలుసులే!"

"నిజమేనండీ," అన్నాను. "మూడు నెలల కింద సీసాలో ఈగలు పలచబడితే, మీరు తిడతారని, కోటిరత్నమత్త దుకాణంలో మగ్గిన అరటిపండ్ల మీది ఈగలు నాలుగు పట్టి వేసినాను. మన పెరుగు చెడితే పక్కింటి తోడు తెచ్చుకోమా?"

మా ఆయన చెప్పులైనా తొడుక్కోకుండా పోస్టాఫీసుకు పరుగెత్తాడు.

టపా బండి మధ్యాహ్నమే పోయిందని చెప్పేదాన్నే. కానీ నాకేం తెలుసు?