గొయ్యిలో బుడగలు

గాజువాక వెళ్లే దారిలో, పోర్టు గోడ వెనక, త్రినాథరావు సైకిలు పంక్చరైంది. చీకటి పడిపోయింది. డ్యూటీ దిగి తోడొస్తున్న బావ గురునాథరావు సెల్లు లైటు పట్టుకున్నాడు. కేరేజీ సంచిలో ప్యాచీలు, సొల్యూషను, చేతిపంపు ఎప్పుడూ ఉండేవే. పక్కనే గొయ్యి నిండా వాననీళ్లు, బొగ్గుదుమ్ముకి నల్లబడి ఉన్నాయి.

త్రినాథరావు ట్యూబులో గాలి కొట్టి ముంచాడు. ఒకచోట బుడగలు లేచాయి. అక్కడ గీకి, ప్యాచీ అంటించి, మళ్లీ ముంచాడు. బుడగలు తగ్గలేదు. ఎంత తడిమినా ఇంకో కన్నం దొరకలేదు. విసుగొచ్చి ట్యూబుని భుజాన వేసుకుని, సంచిలో ఇంకో ప్యాచీ వెతకసాగాడు.

"ఇంకా లీకవతంది బావా. సరిగ్గా అంటించలేదేటి?" అన్నాడు గురునాథరావు, నీళ్లకేసి చూస్తూ.

"ఏటి లీకవతంది? ట్యూబు నా బుజమ్మీదే ఉంది కదా!"

గొయ్యి నడుమ లేస్తున్న బుడగలు నెమ్మదిగా ఒడ్డుకేసి కదిలాయి.

"సైకిలొగ్గీ బావా, పోదాం," అన్నాడు గురునాథరావు. త్రినాథరావు సంచి అందుకున్నాడు.

ఒడ్డు తగిలేసరికి బుడగలు ఆగిపోయాయి.

వాళ్లిద్దరి మధ్యా ఎవరో, చాలాసేపు మునిగి లేచినవాళ్లలా, గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.